‘అ’ దగ్గర ఆగిన పని

ఫస్టియర్‌లో పెద్ద పీడీఎఫ్‌లో ఒక్క పదం కోసం పేజీలన్నీ కిందికి జరుపుకుంటూ వెతికేవాణ్ణి. ఒక సీనియర్ అన్న చూసి నవ్వి, కంట్రోల్ ఎఫ్ నొక్కి ఆ పదం టైప్ చేసిండు. రెండు సెకన్లలో దొరికింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొమర్రాజు లక్ష్మణరావు గారు గుర్తొస్తారు. కావాల్సిన విషయం తెలుగువాళ్లకు వెంటనే దొరకాలని జీవితమంతా కష్టపడ్డ మనిషి ఆయన.

1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. నాగపూర్‌లో అక్క భండారు అచ్చమాంబ ఇంట్లో ఉండి చదువుకున్నారు. మనం తొలితరం తెలుగు కథకురాలని చదువుకునే అచ్చమాంబ ఈమెనే. మరాఠీ బడుల్లో చదివినా ఆయన తెలుగును వదల్లేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు రాయడానికి తడబడే నాలాంటోళ్లకు ఇది కొంచెం ధైర్యం ఇస్తుంది.

తర్వాత మునగాల సంస్థానంలో దివానుగా చేరారు. మునగాల ఇప్పుడు మన సూర్యాపేట జిల్లాలో ఉంది. ఉద్యోగం చేసుకుంటూనే 1901లో మిత్రులతో కలిసి హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టించారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజులవి. అందరూ విడివిడిగా కొనలేని పుస్తకాన్ని ఒక్కచోట పెడితే ఊరంతా చదువుకోవచ్చు. షేర్డ్ డ్రైవ్ లాంటిదే అన్నమాట.

1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించారు. ఆ తర్వాత అసలు పెద్ద పని ఎత్తుకున్నారు. అదే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలోని విషయాలన్నీ అక్షర క్రమంలో, ఎవరికి ఏది కావాలన్నా పేజీ తీస్తే దొరికేట్టు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ లాంటివాళ్లు సాయపడ్డారు. అయినా ఎక్కువ భారం ఆయన మీదే. కాపీ పేస్ట్ లేదు, సెర్చ్ లేదు, ఒక తప్పు దొర్లితే అన్‌డూ లేదు. ప్రతి వ్యాసం చేత్తోనే రాయాలి.

మూడు సంపుటాలు వచ్చాయి. ఆ మూడూ ‘అ’ అక్షరంతోనే నిండిపోయాయి. 1923 జూలై 12న మద్రాసులో ఆయన చనిపోయారు. వయసు 46. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు.

ఆయనకు చాలనిది తెలివి కాదు, టైం. మన చేతిలో ఆ టైం మిగిల్చే మీటలు ఉన్నాయి, వాడుకోవడం లేదంతే. పదం వెతకాలంటే కంట్రోల్ ఎఫ్. పొరపాటు చేస్తే కంట్రోల్ జెడ్. బ్రౌజర్‌లో ట్యాబ్ పొరపాటున మూసేస్తే కంట్రోల్ షిఫ్ట్ టి కొడితే తిరిగొస్తుంది. ఒక విండో నుంచి ఇంకోదానికి పోవాలంటే ఆల్ట్ ట్యాబ్. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఒక్కసారి ఆన్ చేసుకుంటే, విండోస్ మీటతో వి నొక్కగానే ఇంతకుముందు కాపీ చేసినవి కూడా వరుసగా కనిపిస్తాయి. ఇక పది నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్. కరెంటు చెప్పి పోదు కదా.

ఒక్కో మీటతో మిగిలేది కొన్ని సెకన్లే. కానీ రోజూ కలుపుకుంటే సెమిస్టర్‌కు గంటలవుతాయి. ఆ గంటలన్నీ రీల్స్‌కే పోతే మిగిల్చి లాభమేంది? వారానికి ఒక్క గంట పక్కన పెట్టి, మీ ఊరి చెరువు గురించో, గుడి గురించో తెలుగు వికీపీడియాలో నాలుగు వాక్యాలు రాయండి. నేను మా చొప్పదండితో మొదలుపెడుతున్న. లక్ష్మణరావు గారు ‘అ’ దగ్గర ఆపారు. ‘చ’ దాకా రావడానికి మనకు అడ్డమేముంది?