వనవిహారమును లెక్కలోనికి తెచ్చిన రాబర్టు మార్షల్

అడవి యనగా కలప, వంటచెరకు, ఆదాయము. ప్రభుత్వ అటవీశాఖలు చిరకాలము ఈ పద్దులనే వ్రాసికొనుచు వచ్చినవి. ఏ పనియు లేక కేవలము మనశ్శాంతికై అడవికి వచ్చు మనుష్యుని గూడ ఆ లెక్కలో చేర్చవలెనని పట్టుపట్టిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడగు రాబర్టు మార్షల్.

అతడు 1901 జనవరి 2వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి లూయీ మార్షల్ పేరుమోసిన న్యాయవాది. న్యూయార్కు రాష్ట్రపు అడవులను నరుకరాదను నిబంధనను రాజ్యాంగమున చేర్చిన 1894 నాటి సభలో ఆయన సభ్యుడు. వేసవి వచ్చిన ఆ కుటుంబము ఆడిరాండాక్ కొండలలోని సరస్సు ఒడ్డున విడిసెడిది. అచ్చట నాలుగువేల అడుగులకు మించినవని ఆనాడు తలచిన 46 శిఖరములను రాబర్టు, తమ్ముడు జార్జి, దారి చూపు హెర్బర్టు క్లార్కు, మువ్వురును 1925 నాటికి ఎక్కి ముగించిరి. ఎక్కుటతో తనివి తీరలేదు. ఏ శిఖరముపైనుండి చూపు ఎంత రమ్యమో వరుస నిర్ణయించి అతడు 1922లోనే చిన్న పుస్తకము వెలువరించెను.

సిరక్యూజు అటవీ కళాశాలలోను, హార్వర్డులోను చదివి, 1930లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. నడుమ మూడేండ్లు మాంటానాలోని అటవీ పరిశోధన కేంద్రమున పనిచేసెను. అచ్చట చెట్ల సంగతి అటుంచి, కలపకూలీలు భోజనమునకెన్ని నిమిషములు పుచ్చుకొందురో, వారి మాటలలో తిట్లెన్ని దొర్లునో గూడ లెక్కించెను! నవ్వు వచ్చు విషయమే. కాని మనుష్యుల నడవడిని కొలిచిచూచు ఈ గుణమే అతనికి తరువాత అక్కరకు వచ్చినది.

1933లో అమెరికా అటవీశాఖ దేశమంతటి అడవులను గూర్చి బృహన్నివేదిక సమర్పించెను. అందు విహారమునకు సంబంధించిన భాగము మార్షల్ వ్రాసినది. విహారమనగా అంతయు ఒకటే కాదని అతడు కనిపెట్టెను. కొందరికి బాటప్రక్క చెట్లనీడ చాలును. కొందరికి గుడారము వేసికొను చోటు కావలెను. కొందరికి గొడ్డలి ఎరుగని ప్రాచీనవనము కావలెను. మరికొందరికి బండి పోజాలనిది, ఒకనాటిలో దాటరానిది అగు విశాలారణ్యము కావలెను. ఇట్లు విహారభూములను ఏడు తరగతులుగా విభజించెను.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బాట వేయనిచో పేదవాడు అడవికి రాలేడు; వేసినచో నిర్జనారణ్యము మిగులదు. నిర్జనారణ్యమును కోరువారు కొద్దిమందియే, నిజము. అయినను బాటలు కోరువారికి అప్పటికే ఎన్నో అడవులు దక్కినవి గాన, ఆ కొద్దిమంది హక్కు తుడిచిపెట్టరాదని అతని వాదము. 1935లో ఆల్డో లియోపోల్డు మొదలగువారితో కలిసి నిర్జనారణ్య సంఘమును స్థాపించెను.

1937లో అటవీశాఖ విహారవిభాగమునకు అధిపతియై రెండువైపులను సాధింపబూనెను. పేదలకు ప్రయాణవ్యయము ప్రభుత్వము భరింపవలెనని, నల్లజాతివారియెడ, యూదులయెడ విహారస్థలములలో చూపు భేదము తొలగింపవలెనని కోరెను. లక్షాధికారి యింటి బిడ్డ ఇట్లు మాట్లాడుట పలువురకు రుచింపలేదు. 1939 సెప్టెంబరులో అతడు రూపొందించిన నిబంధనలు అమలులోనికి వచ్చినవి. లక్ష ఎకరములకు మించిన నిర్జనారణ్యములలో బాటలు, కలపకోత, హోటళ్లు నిషిద్ధములైనవి. పేదల ప్రయాణమును గూర్చి మాత్రము ఆ నిబంధనలలో ఒక్క ముక్కయు లేదు.

రెండు నెలలైనను గడువకమునుపే, నవంబరు 11న, వాషింగ్టను నుండి న్యూయార్కు పోవు రాత్రి రైలులో మార్షల్ మరణించెను. అప్పటికి అతనికి 38 ఏండ్లు, వివాహము లేదు. తన ఆస్తిని కార్మికోద్యమమునకు, పౌరహక్కులకు, నిర్జనారణ్య రక్షణమునకు పంచి వ్రాసియుంచెను. మాంటానాలో అతని పేరిట 1940లో ఒక మహారణ్యము వెలసినది. 1964లో అమెరికా కాంగ్రెసు నిర్జనారణ్య చట్టము చేసి, తొలుతనే 91 లక్షల ఎకరములకు రక్షణ కల్పించెను. అందు ఆ అరణ్యము గూడ చేరియున్నది.