నోబెల్ అంచుదాకా వెళ్లిన గోర్టర్

నేడు ఆస్పత్రులలో చేస్తున్న ఎం.ఆర్.ఐ. స్కానింగుకు ఆధారం పరమాణు కేంద్రకాల అయస్కాంత అనునాదం. దానిని ఘనపదార్థాలలో పట్టుకోవాలని తొలుత ప్రయత్నించినవారు డచ్చి శాస్త్రవేత్త కార్నెలిస్ గోర్టర్.

1907లో హాలెండ్‌లోని యుట్రెక్ట్‌లో జన్మించిన గోర్టర్, లైడెన్‌లో 1932లో డాక్టరేట్ పొందారు. 1936లో స్ఫటికాలను బాగా చల్లబరచి, వాటిపై రేడియో తరంగాలను ప్రయోగించారు. కేంద్రకాలు ఆ శక్తిని గ్రహిస్తే స్ఫటికం రవ్వంత వేడెక్కాలి. కాని వేడెక్కలేదు. 1942లో మరో పద్ధతిలో ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. ఆలోచనలో లోపం లేదు. స్ఫటికాలు మరీ స్వచ్ఛంగా ఉండటంతో కేంద్రకాలు గ్రహించిన శక్తిని వదలడానికి చాలా సమయం పట్టి ఉంటుందని తరువాత భావించారు.

1937లో అమెరికా వెళ్లినపుడు గోర్టర్ తన ప్రయత్నాన్ని రాబీకి వివరించారు. మరుసటి ఏడాదే రాబీ అణుపుంజాలలో అనునాదాన్ని కనుగొని, 1944 నోబెల్ బహుమతి అందుకున్నారు. ఘన, ద్రవ పదార్థాలలో దానిని పట్టుకున్న పర్సెల్, బ్లాక్‌లకు 1952లో నోబెల్ లభించింది.

గోర్టర్ మాత్రం కుంగిపోలేదు. 1946లో లైడెన్‌లో ఆచార్యులై అతిశీతల పరిశోధనలను ముందుకు నడిపారు. తన వైఫల్యాలపై 1967లో తానే వ్యాసం రాశారు. 1980లో కన్నుమూశారు. ఆయన వద్ద 1948లో డాక్టరేట్ పొందిన బ్లూంబెర్గెన్‌ను 1981లో నోబెల్ వరించింది.