గోదావరి చిత్రకారుడు దామెర్ల రామారావు

భద్రాచలం రేవులో మనం చూచే గోదావరి దిగువన పాపికొండల నడుమ ఇరుకై, లోతై, పిదప రాజమహేంద్రవరం వద్ద సముద్రం వలె విశాలమవుతుంది. 1959 వరకు భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనిదే కనుక రాజమహేంద్రవరం చిత్రకారుడు మనకు పరాయివాడు కాడు. అయినను మా తరగతులలో రవివర్మ పేరు తెలిసినవారు పలువురు, దామెర్ల రామారావు పేరు తెలిసినవారు అరుదు.

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. బాల్యంనుండి ఆయన మనసు బొమ్మలమీదనే. అక్కడి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దానిని తప్పుగా ఎంచలేదు. తానును నీటిరంగులతో చిత్రించే ఆ ఆంగ్లేయుడు బాలుని చేరదీసి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేర్పించారు. అధ్యాపకవృత్తిలో ఉన్న మాకు ఈ ఘట్టం తలచినప్పుడెల్లా కొంత సిగ్గు కలుగుతుంది.

1920లో చదువు ముగించిన రామారావు స్వస్థలానికే తిరిగివచ్చారు. నీటిరంగుల పని కఠినం. తైలవర్ణంలో పొరపాటును మరొక పూతతో కప్పవచ్చు. ఇక్కడ కాగితపు తెలుపే వెలుగు, దానిని ముందే విడిచి ఉంచుకోవాలి, తడి ఆరేలోగా చేయి నిశ్చయించుకోవాలి. ఆ విధానంలో ఆయన 'తూర్పు కనుమలలో గోదావరి'ని చిత్రించారు. మన అడవుల అంచున పారే నదియే అది. 'పుష్పాలంకారం', 'నందిపూజ' చిత్రాలలోని స్త్రీలు మన పల్లెలలో కనిపించే తెలుగు స్త్రీలే. అజంతా రేఖను, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణజ్ఞానాన్ని కలిపి ఆయన వంగదేశపు శైలికి అనుకరణ కాని ఆంధ్రశైలిని సాధించారని మా అభిప్రాయం. 1922లో కలకత్తా ప్రదర్శనలో 'ఋష్యశృంగ బంధనం' బహుమానం పొందింది.

1923లో ఆయన రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల స్థాపించారు. రెండేండ్లు గడువకముందే, 1925 ఫిబ్రవరి 6న, మశూచి ఆయనను కబళించింది. అప్పటికి ఆయనకు 28 ఏండ్లు నిండలేదు. బొంబాయి వదలిన పిదప ఆయనకు లభించిన కాలం సుమారు అయిదేండ్లు మాత్రమే!

మిత్రుడు వరద వెంకటరత్నం ఆ కళాశాలను నిలిపారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ సైతం కుంచె పట్టినవారే. రాజమహేంద్రవరంలో రామారావు పేరిట వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలతోపాటు వీరి చిత్రాలు కూడ ఉన్నవి. ఆ ఊరు వెళ్లే మా విద్యార్థులు గోదావరి వంతెన చూచి మరలిపోక, ఒక గంట అక్కడ గడపవలసిందిగా కోరుతున్నాము.