ఇబ్నె బతూతా: భయమున్న దారుల్లో బాటసారి

సొంత ఊళ్లో మనల్ని ఎరిగినవారు నలుగురుంటారు. ఆపదలో కేక వేస్తే ఎవరో ఒకరు వస్తారు. పరాయి దేశంలో మనమెవరమో ఎవరికీ తెలియదు. దొంగకు కావలసింది అదే. అలాంటి దారుల్లో దాదాపు ముప్పై ఏళ్లు తిరిగి, క్షేమంగా ఇల్లు చేరిన ఇబ్నె బతూతా (రహిమహుల్లాహ్) జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన చూసిన నగరాల గురించి చాలామంది రాశారు. ఆయన దొంగల బారి నుండి ఎలా తప్పించుకున్నారు, ఎక్కడ పొరబడ్డారు అన్నదే మేము చెప్పదలచుకున్నది.

తొలి పాఠం

ఆయన 1304లో మొరాకోలోని తంజా నగరంలో, ఖాజీల వంశంలో జన్మించారు. 1325లో, ఇరవయ్యొకటో ఏట, హజ్ సంకల్పంతో ఒంటరిగా బయలుదేరారు. బిజాయా పట్టణంలో తీవ్రమైన జ్వరం వచ్చింది. ఆగిపొమ్మన్నా ఆయన వినలేదు. అప్పుడు తోటి ప్రయాణికుడైన ఒక పెద్దమనిషి మంచి సలహా ఇచ్చారు. దారిలో దోపిడీగాళ్ల భయం ఉంది కాబట్టి వేగంగా సాగాలి, అందుకని వాహనపు జంతువునూ బరువు సామానునూ అమ్మేయాలి, ఎక్కడానికి జంతువును, గుడారాన్ని తానే అరువిస్తానన్నారు. ఇబ్నె బతూతా అలాగే చేశారు. నీరసంతో పడిపోకుండా తలపాగా గుడ్డతో తనను జీనుకు కట్టుకుని మరీ ప్రయాణించారు. తూనిస్‌లో హాజీల బిడారులో చేరారు. ఆ బిడారుకే ఖాజీగా నియమితులయ్యారు. తక్కువ సామాను, ఎక్కువ తోడు: ఆయన నేర్చుకున్న తొలి పాఠం ఇదే.

మెలకువగా గడిపిన రాత్రి

ఒమన్ తీరంలో సూర్ నుండి ఖల్హాత్‌కు నడిచి వెళ్లేటప్పుడు, ఓడలోని వారిలోనే ఒకరిని దారి చూపేందుకు కూలికి మాట్లాడుకున్నారు. వెంట ఖిజ్ర్ అనే భారతీయ సహచరుడు ఉన్నాడు. ఆ దారి చూపేవాడు సముద్రపు పాయ దాటించే నెపంతో వారి బట్టలు కాజేయాలని చూశాడు. సంగతి గ్రహించిన ఇబ్నె బతూతా చేతిలోని ఈటెను చూపడంతో వెనక్కి తగ్గాడు. ఆ రాత్రి ఎడారిలోనే పడుకోవలసి వచ్చింది. మిగిలిన ఇద్దరూ నిద్రపోయినా ఆయన కన్ను మూయలేదు. ఆ మనిషి కదిలినప్పుడల్లా ఏదో ఒక మాట అని, తాను మేల్కొనే ఉన్నానని తెలియజేసేవారు. కాళ్లు వాచినా ప్రాణాలతో ఖల్హాత్ చేరారు.

గుంపు తప్పిన రోజు

1333లో సింధు నది దాటి ఢిల్లీ చేరిన ఆయనను సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఖాజీగా నియమించారు. 1342లో చైనా చక్రవర్తి వద్దకు రాయబారిగా పంపారు. రాజలాంఛనాలు, కానుకలు, సైనికులు అన్నీ వెంట ఉన్నాయి. అయినా నేటి అలీగఢ్ అయిన కోయిల్ సమీపంలో జరిగిన పోరాటంలో ఆయన తన వారి నుండి విడిపోయారు. దాదాపు నలభై మంది విలుకాండ్రు చుట్టుముట్టారు. ఎదిరించక నేలపై పడుకున్నారు. ఒంటిమీది బట్టలు తప్ప అన్నీ పోయాయి. చివరికి వదిలేస్తే ఆకులు, రేగుపండ్లు తింటూ రోజుల తరబడి దాక్కుంటూ తిరిగారు. బావిలో నీళ్లు తోడడానికి చేద లేక తోలు బూటును తాడుకు కట్టి దించారు.

నడవలేని స్థితిలో ఒక అపరిచితుడు సలాం చెప్పి, తిండి పెట్టి, భుజాలపై మోసుకుని ఊరు చేర్చాడు. ఈజిప్టులో ఒక ధర్మనిష్ఠాపరుడు, భారతదేశంలో దిల్‌షాద్ అనే వ్యక్తి నిన్ను కాపాడతాడని ఏళ్ల క్రితమే చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చిందని ఆయన చెప్పుకున్నారు.

తర్వాత మలబారు సముద్రంలో ఓడదొంగలు దాడిచేశారు. సింహళ రాజు ఇచ్చిన రత్నాలు, కష్టదినాలకని దాచుకున్నది, బుఖారాలో రాసుకున్న కాగితాలు అన్నీ ఒకే ఓడలో పోయాయి. పైజామా మాత్రం మిగిలింది. కాలికట్‌లో ఖాజీ తలపాగా, ఒక పండితుడు, ఒక వర్తకుడు బట్టలు ఇచ్చి ఆదుకున్నారు.

భద్రత ఎలా వస్తుంది?

బాటసారికి చైనా అన్నింటికన్నా సురక్షితమైన దేశమని ఆయన వర్ణించారు. ప్రతి మజిలీలోని సత్రంలో అధికారి రాత్రి బసచేసిన వారి పేర్లు రాసుకుని తలుపు వేసేవాడు. ఉదయం పేరుపేరునా పిలిచి చూసి, తర్వాతి మజిలీ వరకు మనిషిని తోడు పంపి, అందరూ చేరినట్లు పత్రం తెప్పించుకునేవాడు. మనిషి ఎక్కడున్నాడో ఎవరో ఒకరికి తెలిసి ఉండటమే ఆ భద్రతకు మూలమని మేము గ్రహించాము.

1349లో మొరాకో చేరి, ఆపై స్పెయిన్, మాలీ కూడా చూసి వచ్చిన ఆయన, సుల్తాన్ ఆదేశంపై తన యాత్రను ఇబ్నె జుజయ్‌కు చెప్పి రాయించారు. ఆ గ్రంథం 1355లో పూర్తయింది. 1368-69 ప్రాంతంలో మరణించారు.

ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఇబ్నె బతూతా ఒంటెను కట్టిన చోట్ల బయటపడ్డారు, కట్టలేని చోట అల్లాహ్ దిల్‌షాద్‌ను పంపాడు. ఉమ్రాకో ఉద్యోగానికో పరాయి దేశం వెళ్లే మన సోదరులు కూడా వెళ్లే చోటు ఇంట్లో చెప్పాలి. డబ్బు, పాస్‌పోర్టు నకళ్లు ఒకేచోట పెట్టకూడదు. విచారించకుండా ఎవరి వెంటా నడవకూడదు. దోచుకునేవాడు ఆయుధంతో ఎదురైతే సొమ్ము వదిలేసి ప్రాణం కాపాడుకోవాలి. మన ఊరికి వచ్చిన అపరిచితునికి మనమే దిల్‌షాద్ కావాలి. బాటసారులందరినీ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.