గిజిగాడి గూడు... సలీం అలీ గారి ఓర్పు

మా కూచిపూడి పేరు చెప్పగానే అందరికీ గజ్జెల చప్పుడే గుర్తొస్తుంది. నాకు మాత్రం వానాకాలంలో కాలవగట్టు మీది ఈతచెట్లకి వేలాడే గిజిగాడి గూళ్లు కళ్లముందు కదుల్తాయి. పోయినేడు మా తమ్ముడు తన కెమెరా నా దగ్గర ఉంచి వెళ్లాడు. ఒక్క ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకుని, తెల్లారుతూనే గట్టు మీదకి వెళ్లాను.

ఎంతసేపో అప్పుడు తెలిసొచ్చింది! గాజులు గలగలమనగానే పిట్టలన్నీ తుర్రుమన్నాయి. అవి తిరిగొచ్చేసరికి సూర్యుడు వాటి వెనకాల ఉన్నాడు. పసుపుపచ్చని తల కాస్తా నల్లమచ్చలా పడింది. గాలికి గూడు ఊగుతుంటే, కెమెరా కుదుర్చుకునేలోపే పిట్ట లోపలికి దూరిపోయేది. నాలుగు రోజులు తిరిగితే మిగిలినవి ఆకులూ, ఆకాశమూ! అడ్డంగా ఉన్న ఈతమట్ట కొట్టేస్తే సరి అన్నారు మావారు. కత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే, మా అమ్మాయి కోసం తెచ్చిన పుస్తకంలో చదివిన సలీం అలీ గారి కథ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. ఇంట్లో పిల్లలందరిలో ఆఖరివాడు. ఊహ తెలియకముందే తల్లీతండ్రీ పోతే మేనమామే పెంచారు. చిన్నప్పుడు గాలితుపాకీతో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళితే, కార్యదర్శి మిల్లార్డ్ దొర కోప్పడలేదు. అది ఏ పిట్టో చెప్పి, అక్కడ భద్రపరిచిన పక్షులన్నీ చూపించాడు. అదే ఆ పిల్లాడి జీవితాన్ని మలుపు తిప్పింది.

1918లో తెహ్మినా గారితో పెళ్లయింది. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. మ్యూజియంలో గైడు ఉద్యోగం చేసి, జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి, డబ్బు లేదని ఆ ఉద్యోగమే తీసేశారు. మరొకరైతే కుంగిపోదురు. ఈ దంపతులు సముద్రపు ఒడ్డున ఉన్న కిహిం అనే పల్లెకి మకాం మార్చారు. అక్కడ ఆయనకి దొరికిన నేస్తం మన గిజిగాడే! మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టకి చూపిస్తుందట. ఆవిడకి నచ్చితేనే మిగతాది పూర్తిచేస్తుంది. ఆ సంసారం ఇలా కుదురుకోగానే అయ్యగారు మరో గూడు మొదలుపెట్టి ఇంకో ఇల్లాలి కోసం చూస్తాడట! నెలల తరబడి ఓపిగ్గా కూర్చుని చూసి ఈ సంగతులు రాశారు సలీం అలీ.

1931లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే మొదలైంది. జీతం లేదు, ఖర్చులు మాత్రం ఇస్తారు. మన తెలంగాణ అడవుల్లోనూ డేరాలు వేసుకుని తిరిగిన ఆ రోజుల్లో తెహ్మినా ఆయన వెంటే ఉన్నారు. ఆ కాలంలో పరిశోధన అంటే పిట్టని తుపాకీతో కొట్టి దాచడమే. సలీం అలీ కూడా ఆ పని చేసినవారే. కెమెరాతో పిట్ట ప్రాణం తియ్యకుండానే దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చని తర్వాతి కాలంలో చూపినవాళ్లలో ఆయన స్నేహితుడు, సింగపూరు సినిమా వ్యాపారి లోక్ వాన్ థో ఒకరు. యుద్ధకాలంలో ఓడ మీద బాంబులు పడి ఒళ్లు కాలి, ఇండియా చేరిన మనిషాయన.

ఫొటోలు తీసేవాళ్లకి ఒక కిటుకు ఉంది. గుడ్డతో చిన్న డేరా కట్టి, రోజుకి కాస్త చొప్పున గూటి దగ్గరికి జరుపుతారు. ఇద్దరు లోపలికి వెళ్లి ఒకరు బయటికొస్తారు. పిట్టకి లెక్కలు రావు కాబట్టి మనిషి వెళ్లిపోయాడనుకుంటుంది! ఇక లోపలున్నవాళ్లు ఉక్కపోసినా, దోమ కుట్టినా కదలకూడదు. గూటికి అడ్డున్న ఆకు మాత్రం కొట్టకూడదు. ఆకు పోతే ఎండ తగులుతుంది, కాకి కంట పడుతుంది. తల్లి బెదిరి గూడే వదిలేయొచ్చు.

తెహ్మినా గారు 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత కన్నుమూశారు. ఆయన్ని దేశమంతటికీ పరిచయం చేసిన భారతీయ పక్షుల పుస్తకం 1941లో వచ్చింది. అడవుల్లో ఎండకీ వానకీ వెంట నడిచిన ఇల్లాలు దాన్ని చూడనేలేదు. సలీం అలీ చాలా కుంగిపోయారు. చెల్లెలో అక్కో ఉండే ఇల్లే మనిషికి ఆసరా అంటారు కదా, ఆయనా తోబుట్టువు కమూ ఇంట్లో ఉంటూ మళ్లీ పనిలో పడ్డారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. 1986లో మన కడప జిల్లాలో, లేదనుకున్న కలివికోడి మళ్లీ కనిపించిందంటే, అది ఆయన ప్రాణంగా చూసుకున్న సొసైటీ పరిశోధకుల చలవే. రాత్రిపూటే తిరిగే ఆ పిట్ట కోసం తర్వాత అడవిలో వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పెట్టాల్సొచ్చింది. 1987లో, తొంభై ఏళ్ల వయసులో సలీం అలీ వెళ్లిపోయారు.

ఇంతకీ నేను మట్ట కొట్టలేదు. కత్తి ఇంట్లో పెట్టేశాను. గాజులు తీసేసి, మాసిన ఆకుపచ్చ చీర కట్టుకుని, గట్టుకి అవతలివైపు దూరంగా కూర్చున్నాను. చివరికి పడింది ఒక్కటే ఫొటో, అందులోనూ సగం తోకే ఉంది. మా అమ్మాయి చూసి నవ్వింది. పది రోజుల తర్వాత అదే గూట్లోంచి పిల్లల కీచుకీచులు వినిపిస్తుంటే, ఇద్దరం మాట్లాడకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాం.