కాటను దొరగారి విశ్రాంతి

గుఱ్ఱముమీద కూర్చున్న సర్ ఆర్థరు కాటను దొరగారి విగ్రహమును చూడని బాలుడుగాని బాలికగాని మన కోనసీమయందు అరుదు. గోదావరికి ఆనకట్ట కట్టి మన పొలములకు నీరు పంచిన మహనీయుడని ఆయనను ఎల్లవారును ఎరుగుదురు. స్నానవేళ సంకల్పములో ఆయన నామమును స్మరించు హైందవ సోదరులును కలరు. అయితే ఆయన గుఱ్ఱము దిగి మంచమెక్కిన కాలము కూడ నొకటి గలదనియు, పని నడుమ పనిని విడిచి సముద్రము దాటి పోవలసి వచ్చెననియు తలచువారు మిక్కిలి తక్కువ. ఈ సంవత్సరము మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఆ భాగమునే వినిపింపదలచితిమి.

ఇందుకు కారణము లేకపోలేదు. పదవ తరగతి పిల్లలు తెల్లవారకమునుపే ట్యూషనునకు పోయి, పగలంతయు బడిలో నుండి, దీపములు పెట్టినవేళ మరల ట్యూషనునకు పోయి, ఆదివారమున ఆరాధనలో కునికిపాట్లు పడుచుండుట మేము చూచుచున్నాము. కొందరు తలిదండ్రులు ఆ దినమున గూడ పిల్లలను పుస్తకము వదలనీయరు. దానిని వారు శ్రద్ధ యందురు. మేము వేరొక పేరు పెట్టుదుము గాని, ముందు దొరగారి కథ చెప్పెదము.

ఆర్థరు కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండు దేశమున జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదియవవాడు. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలయందు చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎంపికయై, 1821లో మన దేశమునకు వచ్చెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. క్రీస్తునందలి భక్తి యౌవనముననే ఆయన హృదయమున వేరూని, కడవరకు చెదరక నిలిచెను.

మొదట ఆయన పని యంతయు దక్షిణదేశమున జరిగెను. కావేరిపై చోళరాజులు కట్టించిన పురాతనమైన కల్లణను ఆయన శ్రద్ధతో పరిశీలించెను. అడుగున బండ లేదు, ఉన్నది ఇసుక మాత్రమే. అయినను రాతికట్ట శతాబ్దములుగా నిలిచియున్నది. ఇసుకలోతున రాళ్లు గుట్టగా కూరుకొనిపోయి, ఇక దిగజాలని స్థితికి వచ్చిన పిమ్మట, ఆ గుట్టయే పునాది యగునని ఆయన గ్రహించెను. ఈ విద్యను నేర్పినవారు మన దేశపు పూర్వులేయని చెప్పుకొనుటకు ఆయన ఎన్నడును సిగ్గుపడలేదు. 1836లో కొలెరూన్ నదిపై ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు సీమను ఆదుకొనెను.

ఆ యెండలలో, ఆ డేరాలలో సంవత్సరములు గడచుటతో ఆయన దేహము చెడెను. సెలవు పుచ్చుకొని, ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమునకు పోయెను. అచ్చట చల్లని గాలి, విశాలమైన మైదానములు, తొందర లేని దినములు. 1841లో ఎలిజబెత్ లెర్మంతు అను కన్యను వివాహమాడెను. మరుసటి సంవత్సరము కుమార్తె పుట్టెను. లేడీ హోప్ అను పేరుతో పిమ్మట తండ్రి జీవితచరిత్రమును వ్రాసినది ఈమెయే. ఆ సెలవును వృథాకాలమని కంపెనీ లెక్కలు చెప్పవచ్చును. మేమట్లు చెప్పజాలము. ఇల్లును ఇల్లాలును బిడ్డయు ఆ కాలముననే ఆయనకు లభించెను.

1843లో ఆయన తిరిగి వచ్చెను. అప్పటికి మన గోదావరి మండలము ఎట్లుండెనో పిల్లలు తెలిసికొనవలెను. 1833లో ఘోరమైన కరువు వచ్చెను. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. 1821లో రాజమహేంద్రవరపు జిల్లాలో సుమారు 7,38,000 మంది జనులుండగా, 1841 నాటికి వారు సుమారు 5,61,000కు తగ్గిరి. చచ్చినవారు చావగా, తక్కినవారు వలస పోయిరి. నది నిండుగా సముద్రములోనికి పోవుచుండెను, దాని గట్టునున్నవారు ఆకలితో పోవుచుండిరి. 1844లో కాటనుగారు గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టవలెనని నివేదిక వ్రాసిరి. 1847లో పని మొదలయ్యెను.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట, నడుమ లంకలు. కొండను పగులగొట్టి రాయి తీయువారు, పడవలపై దానిని తరలించువారు, కమ్మరులు, వడ్రంగులు, కూలీలు, అందరును గలిసి వేలకు వేలు జనము. కావలసిన ఇంజనీర్లను, కావలసిన ధనమును ప్రభుత్వము తొలుత ఈయలేదు. ఉన్నంతలోనే వరద రాకమునుపు ఇంత పని ముగియవలెను. ఒక సంవత్సరము ఆలస్యమైనచో వర్షకాలపు గోదావరి చేసిన పనిని తీసికొనిపోవును. ఇట్టి చోట ఏ మనుష్యుడు విశ్రమించును?

కాటనుగారును విశ్రమింపలేదు. నిజము చెప్పవలెనన్న, ఆయన స్వభావముననే ఓర్పు తక్కువ. పైయధికారులకు ఆయన వ్రాసిన నివేదికలు కొన్ని మిక్కిలి కటువైనవి. ఖర్చును తక్కువగా అంచనా వేయుటయు ఆయనకు అలవాటు. అట్టివాడు ఎండలో నిలిచి పనిచేయించుచు తన శరీరమునకు లెక్క కట్టునా? 1848లో ఆరోగ్యము పూర్తిగా చెడెను. మరల ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చెను. ఆనకట్ట ఇంకను సగములో నున్నది.

ఇచ్చట పాఠకులు కొంచెము నిలువవలెనని మా కోరిక. నలుబదియైదేండ్ల వయస్సున, తన జీవితములో నన్నిటికంటె గొప్ప పనిని నదిమధ్యమున విడిచి పోవుట ఆ మనుష్యునకు ఎంత కష్టమో ఊహింపుడు. ఆయన ఇష్టపూర్వకముగా పోయెనని మేము చెప్పజాలము; దేహమే ఆయనను పంపెను. తాను లేనియెడల పని చెడునని భయపడుట మంచి పనివారి కందరికిని గల రోగము. సోమరులకు ఈ రోగము రాదు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండపై జయము పొందిన పిమ్మట బదరీవృక్షము క్రింద పడి చావు కోరినప్పుడు, దేవుడు ఆయనను మందలింపలేదు. మొదట నిద్రపుచ్చెను, పిదప రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. మాటలాడినది ఆ తరువాతనే. ఈ క్రమమును మా పిల్లలు గుర్తుంచుకొందురు గాక.

కాటనుగారు లేని ఆ రెండు సంవత్సరములు ధవళేశ్వరమున ఏమి జరిగెను? పని జరిగెను. కెప్టెను ఆర్ అను అధికారి బాధ్యత వహించి ఆనకట్టను ముందునకు సాగించెను. కూలీలను కూడగట్టుటలోను, పని నడిపించుటలోను మన తెలుగువాడు వీణం వీరన్నగారు ఎంతో తోడ్పడెను. ఆయన జ్ఞాపకార్థము ధవళేశ్వరమున శిలాఫలకము నిలిపిరి. 1850లో కాటనుగారు ఆరోగ్యవంతులై తిరిగి వచ్చిరి. 1852లో ఆనకట్ట ముగిసెను. రెండు సంవత్సరములు తాను చూడని కట్టపై నిలిచి తన పనిని తాను ముగించెను. తాను నేర్పినవారు తాను లేకయే చేయగలిగిరన్నది ఏ గురువునకైనను మొదట కొంచెము నొప్పియు, పిమ్మట గొప్ప సంతోషమును కలిగించును. ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి బాగుగా తెలియును.

మన రాజోలు ప్రాంతపు పిల్లలకు మరియొక సాక్ష్యము కలదు. వైనతేయ పాయను దాటించి నగరము లంకకు కాలువనీరు పంపుటకు గన్నవరమువద్ద కట్టిన పాత అక్విడక్టు, ఒక్కొక్కటి నలుబది అడుగులుగల 49 కమానులతో నిర్మింపబడినది. దానిని కట్టించినవాడు కాటనుగారి చేతిక్రింది యువ ఇంజనీరు హేగు. నేడు ఆ నీటిని డొక్కా సీతమ్మగారి పేరిట కట్టిన క్రొత్త అక్విడక్టు మోయుచున్నది. పాతదాని పేరు చెప్పినప్పుడు మనము కాటనుగారినే తలతుము, హేగును మరచెదము. కాటనుగారు మాత్రము అట్టివారిని నమ్మియే పని అప్పగించిరి. నమ్మి అప్పగింపలేనివానికి నిద్ర పట్టదు.

అప్పుడు తీసిన కాలువలను గూర్చి ఒక మాట. బొబ్బర్లంకవద్ద మొదలై మనకు నీరిచ్చు కాలువలను వేసవిలో కట్టివేయుదురని ఇక్కడి పసిబిడ్డ కూడ ఎరుగును. మేట తీయవలెను, గట్లు బాగుచేయవలెను, లాకుల తలుపులు చూడవలెను. ఆ వారములలో కాలువ అడుగున పిల్లలు ఆడుకొనుచుందురు. పొరుగు జిల్లానుండి క్రొత్తగా వచ్చినవాడు చూచిన, ఈ కాలువ ఎండిపోయినదని జాలిపడును. మన రైతు జాలిపడడు. కట్టివేయని కాలువ నాలుగేండ్లలో మేటవేసి, తరువాత నీరు మోయనేరదని ఆయనకు తెలియును. ఇంతగా తెలిసిన రైతే తన కుమారుని ఆదివారమును మాత్రము కట్టివేయనీయడేల? ఆ శ్రద్ధకు మేము పెట్టదలచిన వేరొక పేరు భయము. బిడ్డ వెనుకబడునేమో యను భయము. దానిని మేము చిన్నచూపు చూడము, అది ప్రేమనుండియే పుట్టినది. అయినను భయము భయమే.

కాటనుగారు 1860లో ఉద్యోగవిరమణ పొందిరి. 1861లో సర్ బిరుదమును పొందిరి. తరువాత ఆయన ఊరకుండిరని ఎవరును తలపవలదు. రైలుమార్గములకంటె నీటికాలువలే భారతదేశమునకు మేలని జీవితాంతము వాదించి, 1878లో ఆ విషయమై విచారించిన పార్లమెంటు సంఘము ఎదుట ప్రతిపక్షమువారి ప్రశ్నల కన్నిటికి జవాబులు చెప్పిరి. ఆ వాదములో ఆయన గెలువలేదు. అయినను ఓటమి ఆయనను కుంగదీయలేదు. డోర్కింగు పట్టణమున ఆయన నివసించిన ఇంటితోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమలు చల్లి, ఒక్కొక్క దుబ్బుకు ఎన్ని కంకులు వచ్చునో లెక్కపెట్టుచుండిరి. వృద్ధాప్యమున అరబీ భాషను నేర్చుకొనసాగిరి. బిరుదములు తెచ్చునట్టి పని గాని, ఎవరికైన లెక్క చెప్పవలసిన పని గాని వీనిలో ఏదియును లేదు. మనస్సునకు ఇష్టమైన పనిలో విశ్రమించుట ఆ వయస్సున ఆయనకు చక్కగా పట్టుబడెను. చిన్ననాట పట్టుబడియుండిన మరింత మేలగుననుట మా అభిప్రాయము.

మొదటి సెలవునాటికి మృత్యువువలె కనబడిన రోగములను, రెండవ సెలవునాటి నీరసమును దాటి, ఆనకట్ట సగములో విడిచి ఓడ యెక్కిన ఆ సంవత్సరమునకు 51 సంవత్సరముల పిమ్మట, 1899 జూలై 24వ తేదీన, తన 96వ యేట డోర్కింగులోనే ఆయన ప్రభువునందు నిద్రించిరి. ధవళేశ్వరమున ఆయన కట్టిన ఆనకట్ట స్థానమున నేడు ఆయన పేరుననే బారేజి నిలిచియున్నది. వేసవిలో కాలువలను ఇప్పుడును కట్టివేయుచునే యున్నారు.