విలియం పెన్ – పన్నెండుగురు జూరర్లు

విలియం పెన్ 1644వ సంవత్సరమున లండను నగరమందు జన్మించెను. తండ్రి నౌకాసేనాధిపతి, కుమారుడో, ఆయుధము పట్టరాదను క్వేకరుల పక్షమున చేరెను.

1670 ఆగస్టున క్వేకరుల ప్రార్థనామందిరమును సైనికులు మూసివేయగా, పెన్ గ్రేస్‌చర్చి వీధియందు నిలిచి ఉపన్యసించెను. అక్రమముగా జనమును గుమిగూర్చెనని నేరము మోపి, విలియం మీడ్‌తో గూడ అతనిని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున విచారించిరి.

పరుల మాటలు చెవి సోకకుండ జూరీవారిని గదియందు మూసియుంచుట ఇంగ్లండున పూర్వాచారము. ఆ యాచారమే ఆనాడు ఆయుధమయ్యెను. పెన్ వీధిలో మాటలాడెననుట తప్ప వేరు నేరము కానమని జూరీవారు చెప్పగా, న్యాయాధిపతులు మండిపడి, కోరిన తీర్పు వచ్చువరకు వారికి తిండి, నీరు, నిప్పు లేకుండ చేసిరి. పరులను రానీయని తలుపు న్యాయపీఠమును మాత్రము ఆపలేదు. రెండు రాత్రులు గడచెను. జూరీవారు లొంగక, ముద్దాయిలిరువురును నిర్దోషులనిరి.

అందులకు తలకు 40 మార్కుల జుల్మానా! ఎడ్వర్డ్ బుషెలును మరి కొందరును చెల్లింపక చెరసాలయందే యుండిరి. తుదకు ప్రధాన న్యాయమూర్తి జాన్ వాన్, ఇచ్చిన తీర్పునకై జూరరును శిక్షింపరాదని నిర్ణయించి బుషెలును విడిపించెను.

1681వ సంవత్సరమున, తండ్రికి రావలసిన బాకీకి మారుగా, రెండవ చార్లెస్ రాజు పెన్‌కు అమెరికాయందు విశాలభూమి నొసగెను. అదియే పెన్సిల్వేనియా. విచారణలన్నియు పన్నెండుగురి యెదుట జరుగవలెనని అచటి తొలి శాసనములలో పెన్ చేర్చెను. 1718వ సంవత్సరమున అతడు మరణించెను. ఓల్డ్ బెయిలీయందు ఆ జూరీవారి ధైర్యమును దెలుపు ఫలకము నేటికిని గలదు.